మట్టం తప్పని కంచె

మా ఇల్లు వినుకొండలో కొండవాలు మీద ఉంది. దొడ్డి కిందివైపు లారీలు తిరిగే రోడ్డు, పైవైపు చిన్న సందు. పోయిన వారం మా కుక్క చిట్టి ఆ రోడ్డెక్కి లారీ కింద పడబోయి బతికింది. ఆ రోజు నుంచీ దాన్ని గొలుసుతో కట్టేశాను. అది మూలుగుతుంటే నేను కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరుగుతున్నాను.

ఇక ఉండబట్టలేక, దొడ్డి చుట్టూ నాపరాళ్లు పాతి కంచె కట్టమని మా వీధి మేస్త్రి మస్తాన్ బాబాయిని పిలిచాను. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకు దారం లాగి, గొట్టంలో నీళ్లు పోసి మట్టం చూసి, రాళ్ల పై అంచు గీత గీసినట్టు తెచ్చాడు. ఈ సాయంత్రం పని పూర్తయింది. నేను సంబరంగా గొలుసు విప్పాను.

కిందివైపు కంచె నా భుజాల దాకా ఉంది. పైవైపు నేల ఎత్తు కదా, అక్కడ మోకాలి దాకానే ఉంది. చిట్టి నింపాదిగా అక్కడికెళ్లి, దాటి, సందులోకి దూకింది.

దాన్ని పట్టుకొచ్చి రొప్పుతూ అడిగాను. "ఏంది బాబాయ్ ఇది?"

"మట్టం చూడమ్మా, వెంట్రుకవాసి తేడా లేదు. కంచె వంకరగా కడితే నన్ను మేస్త్రి అంటారా?"

"కుక్క కోసం కట్టమన్నాను కదా!"

"కుక్కకేం తెలుసమ్మా పనితనం?" అని అలిగి వెళ్లిపోయాడు.

పైవైపు ఎత్తు పెంచేలా ఆయన్ని ఎట్లా ఒప్పించాలో తెలిసినవాళ్లు చెప్పండి. సందులో పోయేవాళ్లంతా ఆగి కంచెను మెచ్చుకుంటున్నారు. మళ్లీ గొలుసుతో కట్టేసిన చిట్టి వాళ్లందరినీ చూసి మొరుగుతోంది.