ముందు వరసకు పాఠం చెప్పిన ఓరిన్

బొగ్గు రైలు గేటు దాటడానికి ఆరు నిమిషాలు పడుతుంది, ఎదురుగాలి ఉంటే ఏడు. ఆ మంగళవారం మధ్యాహ్నం గాలి గట్టిగానే ఉంది. వయోమింగ్ సరిహద్దులో, జట్టుకు పనికొస్తాడేమోనని ఒక హైస్కూలు కుర్రాణ్ణి చూసి కెటిల్ క్రీక్‌కు తిరిగి వస్తున్న ఓరిన్ రైసిగ్, కాలేజీ వ్యాను ఇంజను ఆపేసి రైలు పెట్టెలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. నలభై దాకా వచ్చాక విసుగు పుట్టి ముందున్న నీలం కారు వైపు చూశాడు. పక్కసీట్లో కూర్చున్నవాడి మెడ తెలిసిన మెడలా ఉంది. పాతికేళ్ళకు పైగా కుర్రాళ్ళ వెనక నిలబడి పాఠం చెప్పినవాడికి మొహాలకంటే మెడలే బాగా గుర్తుంటాయి.

ఆ మెడ ట్రెంట్ మెక్కీవర్‌ది. కెటిల్ క్రీక్ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో ఓరిన్‌తోపాటు అసిస్టెంట్ కోచ్. ఏ ఎత్తు ఎప్పుడు వెయ్యాలో మైదానం పక్కనుంచి చెప్పేవాడు. పొద్దున పన్ను పీకించుకోవాలని సెలవు పెట్టి వెళ్ళాడు. కారు నడుపుతున్నవాడు బార్ట్ కున్. శనివారం వీళ్ళతో ఆడబోయే మోరెన్సీ కాలేజీ కోచ్.

గేటు పడి ఉన్నప్పుడు ఎవరూ ఎటూ పోలేరు. ట్రెంట్ టోపీ కిందికి లాక్కున్నాడు. బార్ట్ మాత్రం తలుపు తీసుకుని దిగి, ప్యాంటు పైకెగదోసుకుంటూ వ్యాను కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏం పెద్దాయనా, ఇంకా ఈ డొక్కు బండేనా? మీ కాలేజీ నిన్ను దీంతోపాటే రిటైర్ చేస్తుందేమో."

"శనివారం అయ్యాక చూద్దాంలే. నీ పక్కన ఎవరు?"

"ఎవరో రోడ్డు మీద చెయ్యెత్తాడు, ఎక్కించుకున్నా." బార్ట్ నవ్వాడు. "ఇంట్లో లోర్నా గారు బాగున్నారా? ఆవిడ క్యాబేజీ బన్నులు తిని ఎన్నాళ్ళయిందో."

చివరి పెట్టె దాటింది. గేటు లేచింది. నీలం కారు వెళ్ళిపోయింది. వెనకనుంచి బీటు దుంపల లారీవాడు హారను కొట్టాక ఓరిన్ ఇంజను స్టార్ట్ చేశాడు.

ఆ సంవత్సరం కెటిల్ క్రీక్ ఎనిమిది ఆటలాడి ఒకటే గెలిచింది. ఓటమి ఒక ఎత్తు, ఓడిన తీరు ఇంకో ఎత్తు. వీళ్ళు బంతి పట్టుకుని పరిగెడదామనుకుంటే అవతలివాళ్ళు ముందే దారికడ్డంగా గుమిగూడేవాళ్ళు. విసురుదామనుకుంటే వెనక్కి సర్దుకునేవాళ్ళు. ఊళ్ళో మంగలి షాపునుంచి చర్చి మెట్లదాకా ఒకటే మాట: లోపలివాడెవడో చెబుతున్నాడు.

జట్టుకు డబ్బు సర్దే పాత విద్యార్థుల సంఘం పెద్దలు అంతకంటే సూటిగా ఉన్నారు. అసిస్టెంట్లను మార్చండి, లేదా మిమ్మల్నే మారుస్తాం అని హెడ్ కోచ్‌తో అన్నారు. యుద్ధం ఓడిన రాజు తన తల ఇచ్చిన కథలు నేనెక్కడా ఎక్కువ చదవలేదు, మంత్రి తల ఇచ్చిన కథలు మాత్రం బోలెడన్ని చదివాను. దేశం మారినా, పట్టాభిషేకాలు పోయి ఎన్నికలు వచ్చినా, బంతాట వచ్చినా, ఈ లెక్క మారలేదు. అసిస్టెంట్ కోచ్ అన్నవాడు అందుకే ఇల్లు కొనడు. మూడేళ్ళకోసారి మంచాలు విప్పి, ట్రైలర్‌కెత్తి, పిల్లల బడి మార్చి పోతూ ఉంటాడు. సీజన్ ముగిసే నవంబరు వచ్చిందంటే వాళ్ళందరి ఫోన్లూ బోర్లా పడి ఉంటాయి, ఎవరు చేశారో పక్కవాడికి కనబడకుండా.

ఓరిన్ ఒక్కడే ఈ లెక్కకు అందలేదు. దుంపల పొలాల్లో వంగి పెరిగిన రష్యానుంచి వలస వచ్చిన జర్మన్ల ఇంటివాడు. ఇరవై ఆరేళ్ళుగా ఒక్క చోటే, ఒక్క పనే: ముందు వరసలో నిలబడి గుద్దుకునే అయిదుగురు బండ కుర్రాళ్ళకు పాఠం చెప్పడం. బంతి పట్టుకుని పరిగెత్తని వాళ్ళు వాళ్ళు. ప్రేక్షకులు వాళ్ళ పేర్లు కూడా ఎరగరు. నలుగురు హెడ్ కోచ్‌లు మారినా ఓరిన్ మారలేదు. అయిదో హెడ్ కోచ్ గేల్ ప్రూయిట్ అయితే ఒకప్పుడు అతని దగ్గర ముందు వరసలో ఆడినవాడే. ఇప్పుడు పై అధికారి అయినా ఓరిన్‌ని "కోచ్" అనే పిలుస్తాడు. అక్కడ ఆ పిలుపు చచ్చేదాకా మారదు.

బుధవారం ఓరిన్ కళ్ళు ట్రెంట్‌నే వెంటాడాయి.

"ఏ పన్ను పీకాడు?" అన్నాడు కాఫీ దగ్గర.

ట్రెంట్ చెయ్యి ఎడమ దవడ మీదికి వెళ్ళింది. "వెనకది."

మధ్యాహ్నం మళ్ళీ అడిగితే చెయ్యి కుడి దవడ మీదికి వెళ్ళింది. సాయంత్రం అదే నోటితో ఉప్పు వేసిన వేయించిన మొక్కజొన్న గింజలు పటపటా నములుతూ కనిపించాడు. ఫోన్ మోగితే మెట్ల కిందికి వెళ్ళి మాట్లాడాడు. ఆ రోజు ఎత్తుల కాగితాలు ప్రింటు చేస్తే, ఓరిన్ చెత్తబుట్ట దాకా వెళ్ళి లెక్క చూశాడు. రెండు తక్కువున్నాయి. మర్నాడు అవి ట్రెంట్ బల్ల సొరుగులోనే దొరికాయి. అప్పుడు అది ఇంకా అనుమానంగా అనిపించింది.

"నువ్వు తినేది తిండిలా లేదు, తనిఖీలా ఉంది," అంది లోర్నా, బుధవారం రాత్రి, ఆ ఊరి అలవాటు ప్రకారం మిరపకాయ సూపులో ముంచుకోవాల్సిన దాల్చినచెక్క రొట్టెను తిప్పి తిప్పి పరీక్షిస్తున్న మొగుణ్ణి చూసి. "అడిగెయ్యరాదూ ఆ పిల్లాణ్ణి?"

"అడిగితే చెప్పేవాడైతే పన్ను పేరెందుకు చెబుతాడు?"

"భార్యకి ఆరో నెల. ఉద్యోగం పోయేట్టుంది. నాకైతే పళ్ళన్నీ నొప్పెడతాయి."

గురువారం గేల్ పిలిచాడు. "తలుపు వేసి కూర్చోండి కోచ్." కిటికీ వైపు తిరిగి మాట్లాడాడు. "మన ఎత్తులు బయటికి పోతున్నాయి. మీకూ తెలుసు. ఆదివారం పొద్దున సంఘం వాళ్ళొస్తున్నారు. ఒక పేరు చెప్పాలి. మీరేమైనా చూశారా?"

ఓరిన్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో ఎవరిమీదా చాడీ చెప్పని మనిషి. కానీ మోరెన్సీతో ఆట ఇంకో రెండు రోజుల్లో ఉంది. కుర్రాళ్ళు ప్రతి శనివారం దెబ్బలు తిని వస్తున్నారు.

"రైలు గేటు దగ్గర," అని మొదలుపెట్టి, చూసింది చూసినట్టు చెప్పాడు.

గేల్ మధ్యలో ఒక్క ప్రశ్న వెయ్యలేదు. చివర, "చాలు కోచ్," అన్నాడు.

శనివారం ట్రెంట్‌ని మైదానం దగ్గరికి రానివ్వకుండా పైన అద్దాల గదిలో కూర్చోబెట్టారు. ఏ ఎత్తో సైగ చెయ్యడానికి మైదానం పక్కన నిలబడి ఎత్తిపట్టే అట్టబొమ్మలన్నీ మార్చారు. ఆవు బొమ్మకు బదులు బూటు, బూటుకు బదులు ట్రాక్టరు. ఆడే కుర్రాళ్ళకు శుక్రవారం సాయంత్రం దాకా చెప్పలేదు. బొమ్మల సంగతి ముందునుంచీ తెలిసింది గేల్‌కు, ఓరిన్‌కు మాత్రమే.

అయినా మోరెన్సీ కుర్రాళ్ళు కనిపెట్టారు. బంతి కదలకముందే వాళ్ళ నడిమి ఆటగాడు "పరుగు, పరుగు" అని అరిచాడు. పరుగే. ఇంకోసారి "విసురుతున్నార్రా" అన్నాడు. విసురే. మొదటి సగం అయ్యేసరికి వాళ్ళు ఇరవై నాలుగు, వీళ్ళు సున్నా. ఓరిన్ గేల్ మొహం వంక చూశాడు. గేల్ ఓరిన్ వంక చూడలేదు. ఈ బొమ్మలు ముందునుంచీ తెలిసినవాళ్ళం ఇద్దరమే, నేను చెప్పలేదు అనుకున్నాడు ఓరిన్. ఆ తర్వాతి ఆలోచన అతనికి నచ్చలేదు. రెండో సగమంతా ఆటను వదిలేసి గేల్‌నే గమనిస్తూ నిలబడ్డాడు.

ఆట అయ్యాక కార్లు నిలిపేచోట ట్రెంట్ ఎదురొచ్చాడు. అట్టపెట్టె చేతిలో ఉంది. దాంట్లో కాఫీ కప్పు, ఈల, భార్య ఫోటో.

"నన్ను తీసేశామని గేల్ ఇప్పుడే చెప్పాడు," అన్నాడు. "గేటు దగ్గర చూసింది మీరే కదా. నన్నడిగుంటే చెప్పేవాణ్ణి."

"పన్ను అన్నావు."

"మరేమనమంటారు? ఉద్యోగం వెతుక్కుంటున్నా అంటే ఆ రోజే పంపించేసేవాళ్ళు కాదా? బార్ట్ దగ్గర ఒక ఖాళీ ఉందంటే వెళ్ళి బతిమాలుకున్నా. నా పేరు ఎలా పొక్కిందో, నిన్న రాత్రి ఆయన ఫోన్ చేశాడు. కాగితాలు అమ్ముకునేవాణ్ణి మా దగ్గర పెట్టుకోలేం అన్నాడు. ఆయనకి నేనొక్క కాగితం ఇవ్వలేదని ఆయనకే తెలుసు. అయినా అలా అన్నాడు. ఆ మాట ఈ పాటికి టెక్సస్ దాకా పోయుంటుంది." పెట్టె కారులో పెట్టాడు. "నేను మొదటి రోజు వచ్చినప్పుడు మీ ఇంట్లోనే భోంచేశా. గుర్తుందా?"

ఓరిన్‌కు గుర్తుంది.

ఆదివారం పొద్దున ఆరింటికే ఆఫీసుకు వెళ్ళి ఆట వీడియో పెట్టాడు. బొమ్మలు దొంగిలించేవాడెవడో పట్టుకోవాలన్న పట్టుదల. మోరెన్సీ నడిమి ఆటగాణ్ణి ముందుకీ వెనక్కీ తిప్పి చూశాడు. ఒక్కసారి కూడా వాడి కళ్ళు మైదానం పక్కకు వెళ్ళలేదు. వాడు కిందికి చూస్తున్నాడు. ఎక్కడికి చూస్తున్నాడో ఓరిన్ వీడియో పెద్దది చేసి చూశాడు.

కెటిల్ క్రీక్ ముందు వరస అయిదుగురూ వంగి ఒక చెయ్యి నేలకానించి ఉన్నారు. పరుగు ఎత్తయితే ఒళ్ళంతా ముందుకు తోసి, ఆ బరువుకు వేళ్ళ కణుపులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. విసురు ఎత్తయితే మడమల మీద వెనక్కి కూర్చుని, వేళ్ళు గడ్డిని తాకీ తాకనట్టు ఉన్నాయి. అరవై ఏడు ఎత్తులు చూశాడు. ఒక్కటి తప్పలేదు. రెండు పనులకూ ఒకే బరువు మోపాలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. కానీ బలం కోసం, వేగం కోసం, నేలని పట్టుకోండిరా, పరుగైతే నేలని పట్టుకోండి అని ఏటేటా వాళ్ళ నెత్తిన రుద్దింది తనే. తను వెనక నిలబడి మెడలు చూశాడు. ఎదుటివాళ్ళు ముందునుంచి చేతులు చూశారు.

తొమ్మిదిన్నరకు గేల్ వచ్చాడు. తెర మీద ఆగిపోయిన తెల్లటి వేళ్ళు చూసి కోటు విప్పి తగిలించాడు. ఆశ్చర్యపోలేదు. ఓరిన్ చూసింది అదే, ఆశ్చర్యపోకపోవడం.

"నీకెప్పుడు తెలిసింది?"

"సోమవారం, పోయిన ఆట వీడియో చూస్తుంటే."

"గురువారం నన్నడిగావు కదా, ఏమైనా చూశారా అని."

"అడిగాను." గేల్ కుర్చీ లాక్కున్నాడు. "నాకు ఇదే నేర్పింది మీరు కోచ్. నా వేళ్ళూ అలాగే ఉండేవి. చూడగానే గుర్తుపట్టా. సీజన్ ఎలాగూ పోయింది, వసంతంలో చేతులు మీరే సరిచేస్తారు. కానీ సంఘం వాళ్ళకి ఒక మనిషి కావాలి. నిజం చెబితే ఆ మనిషి మీరవుతారు. అరవై ఒకటో ఏట ఎక్కడికెళతారు? ట్రెంట్ కుర్రాడు. ఎక్కడో దొరుకుతుంది."

"బొమ్మలు మార్చింది?"

"సంఘం వాళ్ళకి చూపించడానికి."

"దొంగ అన్నవాడికి ఎక్కడ దొరుకుతుంది?"

"నేను దొంగ అనలేదు. గేటు దగ్గర చూశానన్నది మీరు."

అది నిజం. ఓరిన్ చెప్పిన మాటలు ఒక్కటీ అబద్ధం కావు, మొత్తం మాత్రం అబద్ధం. తనకిచ్చిన ఈ దయ వెనక ఇంకేముందా అని ఒక్క క్షణం వెతికాడు. పాత గురువు మీద భక్తి ఎంత, పాత గురువు నేర్పిన తప్పుతో తానూ ఆడానన్న సంగతి బయటపడకూడదన్నది ఎంత, తేలలేదు.

కారిడార్లో బూట్ల చప్పుడు వినిపించింది. సంఘం పెద్దలు ముగ్గురు. ముందు హార్లీ డిట్మర్, పొలాలకు నీటిగొట్టాలు అమ్మేవాడు. చేతిలో దాల్చినచెక్క రొట్టెల పెట్టె.

"వేడిగా ఉన్నాయి," అన్నాడు హార్లీ. "ఏం గేల్, తేలిందా? ఆ కుర్రాడేనటగా?"

"కూర్చోండి, చెబుతా," అన్నాడు గేల్. ఓరిన్ వైపు చూసి, మెల్లగా, "కోచ్, తెర ఆపండి," అన్నాడు.

ఓరిన్ తెర ఆపలేదు. లేచి దాని పక్కన నిలబడి, లావు వేలితో ఆ తెల్లటి కణుపుల మీద కొట్టి చూపించాడు.

"ఎవడూ ఏమీ అమ్మలేదు. పరుగైతే ఇలా, విసురైతే ఇలా," అని రిమోట్ నొక్కి రెండో బొమ్మ చూపించాడు. "ఏడాదంతా మన చేతులే చెప్పాయి. వాళ్ళకిది నేర్పింది నేను. ట్రెంట్ ఆ రోజు బార్ట్ దగ్గరికి వెళ్ళింది ఉద్యోగం అడుక్కోవడానికి, మీరు తీసేస్తారని భయపడి. మీరు తీసేశారు. మోరెన్సీకి ఫోన్ చేసి ఈ మాట మీరే చెప్పాలి, హార్లీ. నేను చెబితే ట్రెంట్‌ని కాపాడటానికి అంటున్నానని వాళ్ళనుకుంటారు."

"అంటే," హార్లీ పెట్టె ఇంకా చేతిలోనే పట్టుకుని ఉన్నాడు, "ఇరవై ఆరేళ్ళూ నువ్వు..."

"ఇరవై ఆరేళ్ళూ."

రెండోవాడు గేల్ వైపు తిరిగాడు. "ఇది నీకు తెలుసా?"

గేల్ ఓరిన్ వైపు చూశాడు. ఓరిన్ ఏం చెబుతాడో అని ముగ్గురూ ఓరిన్ వైపే చూశారు. నలుగురి కళ్ళలోనూ ఒకే అనుమానం, ఎవడు ఎవణ్ణి కాపాడుతున్నాడని.

ఓరిన్ గేల్ గురించి ఒక్క ముక్క చెప్పలేదు. ఆ ప్రశ్న గేల్‌ది. అతను జవాబు చెప్పేదాకా ఆగాలనీ అనుకోలేదు. మెడలోని ఈల తాడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వీడియో రిమోట్ బల్ల మీద పెట్టాడు. టోపీ పెట్టుకుని, రొట్టెల పెట్టెతో దారికడ్డంగా నిలబడ్డ హార్లీ పక్కనుంచి ఒదిగి కారిడార్లోకి వెళ్ళాడు. వెనక గేల్ "కోచ్" అని పిలవడం వినిపించింది. అద్దం తలుపు తోసుకుని, ఎదురుగాలికి తల వంచి, ట్రెంట్ ఇల్లున్న వీధి వైపు నడుచుకుంటూ పోయాడు.