చెప్పి పోయే దేవిదాస్ సారు

దేవిదాస్ సారు చెప్పకుండా ఎక్కడికీ పోడు. మంచినీళ్లకు లేచినా "పోయొస్త, రెండు నిమిషాలు" అంటాడు. తిరిగొచ్చి "వచ్చిన" అంటాడు. మనకు కళ్లున్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోడు.

చిన్నతనంలో మనసుకు దెబ్బ తగిలినవాళ్లకు కౌన్సిలింగ్ ఎలా చేయాలో నిజామాబాద్‌లో మాకు నేర్పింది ఆయనే. మేమంతా బళ్లలో, ఆస్పత్రుల్లో పనిచేసే కౌన్సిలర్లం. సారు రోజూ బోధన్ నుంచి బస్సులో వచ్చేవాడు. ఓసారి దారిలో బస్సాగితే, అందరికీ వినబడేట్టు "చాయ్ తాగొస్త" అని దిగాడట. చెప్పి పోయినవాణ్ణి వదిలేసి పోవడానికి మనసొప్పక బస్సంతా ఆగిందట. డ్రైవరు కూడా చాయ్ తాగాడట.

మా పక్కింటి దేవవ్వ చనిపోతే చూడ్డానికొచ్చి, వెళ్లేటప్పుడు "పోయొస్త" అన్నాడు. చావింట్లో ఆ మాట అనకూడదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొడుకు నర్సింలు ఏడుపాపి, "ఇంకెవరి కోసం వస్తవు సార్?" అన్నాడు.

"నీ కోసమే. ఎల్లుండి."

వచ్చాడు కూడా.

మా క్లాసులో మోస్రా నుంచి వచ్చే శృతి ఒళ్లోంచి బ్యాగు దించేది కాదు. ఎప్పుడూ తలుపు వైపే చూసేది. మా బాధలు మేమే ఒకరికొకరం చెప్పుకుని వినడం నేర్చుకునే రోజున ఆమె వంతు వచ్చింది.

"నాకు ఐదేండ్లప్పుడు అమ్మ దుబాయ్ పోయింది. నేను ఏడుస్తనని, పండుకున్నంక పోయింది. లేచి ఇల్లంత దేవులాడిన." బ్యాగు దగ్గరికి లాక్కుని, "నా దెబ్బే మానలే సార్. ఇంకొకరిది నేనేం మానుపుత? రేపటి సంది రాను" అంది.

మేమంతా సారు ఓదారుస్తాడనుకున్నాం.

"మంచిది. చెప్పినవ్," అన్నాడాయన. "నేను చాయ్‌కి పోయొస్త. పది నిమిషాలు."

సరిగ్గా పది నిమిషాలకు "వచ్చిన" అన్నాడు. శృతి గోడ గడియారం వైపు చూసింది. మర్నాడు వచ్చింది. వెళ్లేటప్పుడు మళ్లీ "రేపు రాను సార్" అంది. "మంచిది. చెప్పినవ్." ఆ వారమంతా ఇదే తంతు.

శనివారం క్లాసయ్యేసరికి శృతి గోడకు తలానించి నిద్రపోతోంది. బ్యాగు నేల మీద ఉంది. సారు సంచి భుజానేసుకుని గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు.

"సార్, బస్సు టైమయింది," అన్నాను.

"ఆమెకు చెప్పాలె గద."

"లేపనా?"

"ఎందుకు? మంచిగ పండుకుంది."

లేపనివ్వడు, చెప్పకుండా పోడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఇన్నాళ్లూ చాదస్తమని నవ్వుకున్నది ఏమిటో నాకప్పుడు తెలిసింది. ఆయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

శృతి ఉలిక్కిపడి లేచింది. ముందు తలుపు చూసింది, తర్వాత సారును చూసింది.

"ఇంక పోలేదా సార్? మీ బస్సు?"

"పోయింది. చెప్పకుండనే పోయింది," అన్నాడు సారు. బస్సు మీద నిజంగానే కోపంగా ఉన్నాడు.

శృతి పడీపడీ నవ్వింది. ఇద్దరం ఆయన్ని ఇంకో బస్సెక్కించాం. కదలబోతుంటే శృతి కిటికీ దగ్గరికెళ్లింది.

"పోయొస్త సార్. సోమవారం, పదింటికి."

"మంచిది," అన్నాడు సారు. "చెప్పినవ్."