అత్త గురక, మావయ్య దగ్గు

మా మేనత్త పోయిందని పొద్దున్నే కశింకోట నుంచి ఫోనొచ్చింది. గుండె ఆగిపోయిందట. చాన్నాళ్లుగా భయపడుతున్న మాటే కావడంతో ఏడుపు కూడా వెంటనే రాలేదు. అలసటగా అనిపించింది, అంతే.

అత్త గురక పెట్టేది. ఆడమనిషి గురక పెడితే నలుగురూ నవ్వుతారని చుట్టాలిళ్లలో పడుకునేది కాదు. పెళ్లిళ్లలో అందరూ నడుం వాలిస్తే తను కత్తిపీట ముందేసుకుని కూరగాయలు తరిగేది. ఎంత ఓపికో అని మెచ్చుకునేవారు. ఇంటికొచ్చాక మాట మధ్యలోనే కునికేది. లేపితే, "నిద్దరోలేదే, కళ్లు మూసుకున్నానంతే" అనేది. నేను వాళ్లింట్లో ఉండి కాలేజీకి వెళ్లే రోజుల్లో పొద్దున్నే లేచి నాకు క్యారేజీ కట్టింది ఆవిడే. ఆ లేవడం ఎంత కష్టమో నాకేం తెలుసు.

మాత్రలు ఎన్ని మార్చినా బీపీ దిగలేదు. రక్తపరీక్షలో సీఆర్పీ ఎక్కువుందన్నారు. ఒంట్లో ఎక్కడో మంట రగులుతోందని దానర్థమట. పళ్లు చూశారు, కీళ్లు చూశారు, ఏమీ దొరకలేదు. అనకాపల్లిలో డాక్టరుగారు "గురక ఉందా?" అని అడిగితే అత్త లేదంది. మావయ్య గోడమీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు. భార్య పరువు పరాయివాళ్ల ముందు తీసే మనిషి కాదు.

బయటికొచ్చి మందుల కోసం ఆగినప్పుడు అత్త బల్లమీదే కునుకు తీసింది. గురక మొదలైంది. అది ఎవరికీ వినపడకుండా మావయ్య గట్టిగా దగ్గడం మొదలెట్టాడు. తోడు వెళ్లి పక్కన కూర్చున్న నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. ఉన్నట్టుండి గురక ఆగింది, ఊపిరీ ఆగింది. మావయ్య దగ్గు కూడా ఆగింది. అత్త ఉలిక్కిపడి గాలి పీల్చుకునేసరికి డాక్టరుగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ఎన్నాళ్ల నుంచి ఇలా?" అని అడిగారు.

"పెళ్లైన కాడ్నుంచీ బాబూ" అన్నాడు మావయ్య, తల దించుకుని.

నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద భారం పడుతుందని, బీపీ దిగకపోవడానికీ, రక్తంలో ఆ మంటకీ అదీ ఒక కారణం కావచ్చని డాక్టరుగారు విడమరిచి చెప్పారు. నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపే, ముక్కుకు తగిలించుకునే మిషన్ వచ్చింది. దాంతో పడుకుని లేచిన అత్త, "నిద్దరంటే ఇదేటే? నాకెవులూ సెప్పలేదు" అంది. బీపీ కొంత దిగింది. గుండె మాత్రం అప్పటికే అలిసిపోయింది.

ఫోనొచ్చాక మేం కశింకోట వెళ్లేసరికి మావయ్య వాకిట్లో కూర్చుని, పరామర్శకు వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెబుతున్నాడు. "మా ఇంటిది గురక పెట్టీది. సిగ్గుపడి నాను సెప్పలేదు. మీ ఇంట్లో ఎవులైనా పెడితే డాక్టరుకి సెప్పండి."

రావికమతం నుంచి వచ్చిన ఒకావిడ అది విని నవ్వు కనపడకుండా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆవిడ భర్త మాత్రం మావయ్య పక్కన చతికిలబడి, "ఏ డాక్టరు బావా?" అని మెల్లగా అడిగాడు.