తుని దాటని బండి

మాది సామర్లకోట దగ్గర కాలువ గట్టు. ఎవరో వాడి వదిలేసిన పాత టూరింగ్ మోటార్ సైకిల్ని మా ఆయన ముచ్చటపడి కొని ఏళ్లయింది. రెండు పక్కలా పెట్టెలు, ముందు పెద్ద అద్దం. చూస్తే కాశ్మీరు దాకా పోయేలా ఉంటుంది. పోయేది మాత్రం తుని దాకా. అరకు కొండలెక్కాలని నాకు ఎన్నాళ్లనుంచో పీకులాట. స్కూల్లో సోషల్ చెప్తాను. కొండల పాఠం వచ్చినప్పుడల్లా నా మీద నాకే ఒళ్లు మండేది.

బయల్దేరిన ప్రతిసారీ తుని పొలిమేరల్లో బండి దగ్గడం, గుంజడం, ఆగిపోవడం. ప్లగ్గులు మార్చారు, కాయిల్ మార్చారు, బ్యాటరీ మార్చారు. ఒళ్లో హెల్మెట్ పెట్టుకుని రోడ్డు పక్కన కూర్చుంటే, నన్ను దాటిపోయే ప్రతి లారీ మీదా కుళ్లు పుట్టేది. ఏం చేస్తాం, వెనక్కి పోదాం అనేవారాయన. అంత నిదానంగా ఎలా అనేవారో!

కాలువలకు నీళ్లు కట్టేసిన వేసవిలో మాత్రం బండి ఒక్కసారీ మొరాయించలేదు. ఎండకు జడిసి అరకు ఊసెత్తలేదు గానీ, ఆత్రేయపురం, రాజమండ్రి ఎన్నిసార్లు తిరిగామో. అప్పుడు వెలిగింది నాకు. మా వైపు ప్రయాణమంటే ముందురోజు బండిని కాలువ రేవులో దింపి, గేదెల పక్కన నిలబెట్టి, బిందెలతో నీళ్లు కుమ్మరించి తోమాల్సిందే. ఆ నీళ్లే సీటు కింద చేరి, గంటసేపు కుదుపులకు వైర్లలోకి దిగుతున్నాయి.

వర్షాలు వెలిశాక మళ్లీ అరకు అన్నాను. ఈసారి కడగనివ్వలేదు. బురద బండి మీద నలుగురిలో ఎలా వెళ్తామని ఆయన గొణిగారు. బిందె గదిలో పెట్టి తాళం వేశాను.

అన్నవరం దాటాం. తుని వచ్చింది. ఇంజన్ చప్పుడులో తేడా ఏమీ లేదు. ఇంతలో ఆయన ఇండికేటర్ వేసి, బండి పక్కకు తీసి ఆపారు.

"బాగానే నడుస్తోందిగా, ఎందుకండీ ఆపారు?"

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఘాట్ రోడ్డంటే నాకు భయమే. ఇన్నాళ్లూ బండే ఆగిపోయేది, చెప్పే పని లేకపోయింది."

కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. దిగి బస్సెక్కి ఒక్కదాన్నే పోదామనిపించింది. ఆయన భుజం మీద చెయ్యేస్తే చొక్కా చెమటతో తడిసి ఉంది.

"మెల్లగా పదండి. కొండ మొదట్లో ఆగుదాం. ఎక్కాలో వద్దో అక్కడ చూద్దాం," అన్నాను.

ఆయన చాలాసేపు గేరు వెయ్యలేదు. ఇంజన్ మాత్రం ఆగలేదు.