'ఇద్దరికీ' అని రాసిన తలుపు

సూర్యాపేట కూరగాయల మార్కెట్‌లో గౌరీబాయిని ఎరగనివాళ్ళు తక్కువ. పొద్దున్నే తండా నుంచి వంకాయల గంపతో ఆటోలో దిగుతుంది. తూకంలో మోసం చేయదు, బేరంలో జాలి చూపదు. ఎవరైనా ఒక మాట అంటే నవ్వి ఊరుకుంటుంది. ఆ నవ్వు చూసి ఆమె మరిచిపోయిందనుకునేవాళ్ళంత వెర్రివాళ్ళు ఉండరు.

అలా అనుకున్నవాడు పరశురాములు. ఉల్లిగడ్డల వ్యాపారి. మార్కెట్ వెనకున్న మరుగుదొడ్ల కాంట్రాక్టు కూడా ఆయనదే. కట్టినప్పుడు అవి రెండు వైపులు, ఆడవాళ్ళకొకటి, మగవాళ్ళకొకటి. ఉల్లిగడ్డల ధర పడిపోయి సరుకు మిగిలిపోతే ఆయన ఆడవాళ్ళ వైపు బస్తాలు నింపి తాళం వేశాడు. మగవాళ్ళ తలుపు మీద 'స్త్రీ పురుషులు ఇద్దరికీ' అని ఎర్రరంగుతో రాయించాడు.

గౌరీబాయి అడగడానికి పోయింది.

"సేటూ, ఆడోళ్ళం యాడికి పోవాలె?"

"ఇద్దరికి అని రాపిచ్చిన గద. హైదరాబాద్‌ల పెద్ద పెద్ద షాపులల్ల గిట్లనే ఉంటయి. పోతే పో, ఎవలు వద్దన్నరు?"

హైదరాబాద్‌లో ఉంటాయి, కాదనడం లేదు. అక్కడ ప్రతి గదికీ తలుపు, తలుపుకు గడియ. ఆడైనా మగైనా లోపల ఉండేది ఒక్కరే. దాన్ని ఎవరు తప్పుపడతారు? ఇక్కడ గోడ పొడవునా మగవాళ్ళు నిలబడి పోసుకునే తొట్లు, మూలన తలుపు ఊడిపోయిన దొడ్డి ఒకటి. ఏ ఆడదీ అందులో అడుగుపెట్టదని తెలిసే రాయించాడు, దొంగ.

ఇక ఆడవాళ్ళు నీళ్ళు తాగడం మానేశారు. మరీ ఆగలేకపోతే లారీల చాటుకు పోయేవారు. కొన్నాళ్ళకు గౌరీబాయికి మూత్రంలో మంట మొదలైంది. దవాఖానలో డాక్టరమ్మ నీళ్ళు బాగా తాగమంది.

"తాగుత గని, పోయేది యాడమ్మా?" అని గౌరీబాయి అడిగితే, ఆవిడ మందులు రాసిచ్చి తర్వాతి మనిషిని పిలిచింది.

ముసురు పట్టిన ఒకరోజు, చుట్టూ గిరాకీ ఉండగా, గౌరీబాయి ఆపుకోలేకపోయింది. చీర తడిసి, గంప కిందికి పారింది. ఎదుటి కొట్టులోంచి పరశురాములు చూశాడు.

"అరే సూడుండ్రి, గౌరీబాయి కుండ కారుతుంది" అని అందరికీ వినపడేలా అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె పేరు కారేకుండ. "కారేకుండ కాడ వంకాయలు మంచిగుంటయి" అని మగవాళ్ళు ఒకరికొకరు చెప్పుకుని పకపకలాడేవారు. ఆమె అప్పుడూ నవ్వింది. సాయంత్రం తండాలో తన ఆడబిడ్డ కమ్లితో మాత్రం ఉన్నమాట చెప్పింది.

"వాడు గూడ గట్లనే నిలవడాలె, అందరి ముంగట. అప్పటిదాంక నాకు తిన్నది ఒంటవట్టది."

పరశురాములుకు షుగరు. రెండు బేరాలు తెగేలోపు ఒకసారి లేచి వెనక్కి పోయి వస్తాడు. ఇది మార్కెట్ అంతా ఎరిగిన సంగతే. ఆ రోగాన్నే ఆమె ఆయుధం చేసుకుంది.

తండా ఆడవాళ్ళు పథకం వేసింది ఎక్కడనుకున్నారు? ఆయన కొట్టు ముందే. లంబాడీలో మాట్లాడుకుంటుంటే ఆయనకు ఒక్క ముక్క తెలియలేదు. మగవాడికేముంది, గోడ కనిపిస్తే చాలు కదా అంది కమ్లి. అయితే గోడలన్నీ మనమే పట్టాలి అంది గౌరీబాయి.

"ఏం ముచ్చటనే గంత సేపు?" అని పరశురాములు అడిగాడు.

"పెండ్లి ముచ్చట సేటూ. ఎవలెవల్ని పిలవాల్నని."

బతుకమ్మ ముందర మార్కెట్ కిటకిటలాడే రోజు. లోపల మగవాళ్ళు ఎవరూ లేని సమయం చూసి కమ్లి నలుగురైదుగురు ఆడవాళ్ళతో 'ఇద్దరికీ' అని రాసిన ఆ తలుపులోకి దూరి గడియ పెట్టుకుంది. మిగిలినవాళ్ళు గంపలు తీసుకుపోయి వెనక గోడ పొడవునా కూర్చున్నారు. లారీల సందుల్లోనూ కూర్చున్నారు. వచ్చిన మగవాళ్ళు సణుక్కుంటూ బస్టాండు దారి పట్టారు. పరశురాములుకు బస్టాండు దాకా ఆగే శక్తి లేదు.

"తలుపు తియ్యుండ్రే" అని తట్టాడు.

"ఆడోళ్ళున్నం" అంది లోపలి నుంచి కమ్లి.

గౌరీబాయి బయటే నిలబడి ఉంది. "ఇద్దరికి అని నువ్వే రాపిస్తివి గద సేటూ. ఆడోళ్ళు ఎల్లినంక మగోళ్ళు."

ఆయన వెనక గోడ దగ్గరికి పరుగెత్తాడు. చిక్కుడుకాయలు తుంపుతున్న ఆడవాళ్ళు తలెత్తి చూశారు. లారీల వైపు మళ్ళాడు, అక్కడా వాళ్ళే. అప్పుడు జేబులో తాళంచెవి గుర్తొచ్చింది. ఆడవాళ్ళ వైపు తాళం తీశాడు. పాదం మోపే సందు లేకుండా గడప దాకా తన బస్తాలే. రెండు చేతులా ఒకటి గుంజాడు. బస్తా పిగిలి ఉల్లిగడ్డలు కాళ్ళ మీద దొర్లాయి. ఆ గుంజుడుకే అయిపోయింది. తెల్లప్యాంటు మోకాళ్ళ దాకా తడిసింది.

జనం మూగారు. ఆయన గొంతు తగ్గించి, "గౌరీ, ఎవలకు చెప్పకు" అన్నాడు.

"నేనెవ్వలకు చెప్ప సేటూ. అందరు సూస్తనే ఉన్నరు."

ఆమె కడుపు చల్లబడింది. ఆ పూటే బస్తాలన్నీ ఆడవాళ్ళు బయటికి లాగి, ఆ వైపు కడుక్కున్నారు. రోగిష్టి మనిషి మీద ఇంత కక్షా అని కొందరు పెద్దమనుషులు నొచ్చుకున్నారు. ఆమె మంటతో మెలికలు తిరిగినప్పుడు వీళ్ళ నోళ్ళకు ఏ తాళం పడిందో మరి.

దసరా వెళ్ళాక పరశురాములు భార్య స్వరూప వచ్చి గంప ముందు కూర్చుంది.

"మనిషి ఇల్లు కదుల్తలేడు, గౌరమ్మా. నలుగురి మొకం ఎట్ల జూడాలె అంటడు. నువ్వొక మాట చెప్తే వస్తడేమో."

గౌరీబాయి వంకాయలు ఏరుతూ, తలెత్తకుండానే అడిగింది.

"నా చీర తడిసిన తెల్లారే నేనొచ్చి ఈడనే కూసున్న గదమ్మా. ఆయనకేమైంది?"

స్వరూప కొంగు సర్దుకుని లేచింది. గౌరీబాయి తర్వాతి గిరాకీకి తూకం వేసింది.