మావయ్యకి దొరకని అతుకు

విశాఖపట్నంలో నగల ప్రదర్శన పెడుతున్నవాళ్లు ఒక కాగితం పంపించేరు. పేరు రాసేను. ఊరు చోడవరం, లోహం రాగి అని కూడా రాసేను. యాభై దాటాక అక్షరాలు దిద్దిన చెయ్యి కాబట్టి అంతవరకు రాయడానికే టీ చల్లారిపోయింది. నాలుగో గడిలో "ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఉంది. పెన్ను పక్కన పెట్టి, పంపాల్సిన రాగి గొలుసుని చింతపండుతో తోముతూ కూర్చున్నాను.

మా మావయ్యగారు కంసాలి. నేను కాపరానికి వచ్చేసరికి వీధి గదిలో కుంపటి ముందు ఆయన, పక్కన పని నేర్చుకుంటూ మా ఆయన. బొగ్గులు వెయ్యడం, విసరడం నా వంతు. "ఆడోళ్లు కుంపటి రాజేస్తే సాలు, పట్టకారు ముట్టకూడదు" అనేవారు మావయ్య. నేను ముట్టలేదు. కానీ ఆయన కొడుక్కి చెప్పిన ప్రతి మాటా కుంపటికి ఇవతల కూర్చుని విన్నాను. అతుకు దగ్గర బంగారం చెమర్చినట్టు మెరవగానే ఊదుగొట్టం తీసెయ్యాలి; ఒక్క ఊపిరి ఎక్కువైతే నగ ముద్దయిపోతుంది. మా ఆయనకి ఆ ఊపిరి ఎప్పుడూ ఎక్కువే. మాటల్లోనూ అంతే.

సుగర్ వల్ల మావయ్యకి చూపు పోయింది. మర్నాడే మా ఆయన గొట్టం నా చేతిలో పెట్టి, "ఒసే, నువ్వు ఊదు. నాన్నకి కనబడదు కదా" అన్నాడు. అప్పట్నుంచీ పని నాది, ఇచ్చిరావడం ఆయనది. మావయ్య అరుగు మీద మంచంలో కూర్చుని, తయారైన ప్రతి నగనీ బొటనవేలి గోరుతో తడిమి, అతుకుని నాలిక కొసతో చూసేవారు. "మావోడి సెయ్యి కుదిరింది" అని దారినపోయే వాళ్లని పిలిచి మరీ చెప్పేవారు. మా ఆయన వీధిలోకి చూసేవాడు. నేను ఎసట్లో బియ్యం పోసుకునేదాన్ని.

తరవాత జనం షోరూములకి మళ్లేరు. మాకు బంగారం రావడం మానేసింది. గోవాడ రోడ్డులో మోటార్లు బాగుచేసే షెడ్డు ఉంది. చెరుకు తోటల్లో కాలిపోయిన మోటార్ల రాగి తీగ అక్కడ కుప్పలుగా పడుండేది. అది తెచ్చి కాల్చి, సాగదీసి, ఈ గొలుసు చేసేను. ఇది చూసే వైజాగులో బొమ్మలు వెయ్యడం నేర్పే మేడం ఒకావిడ ఇంకొన్ని చెయ్యమంది. తరవాత ఇత్తడీ, ఇనుమూ కూడా పట్టేను. కానీ ఈ గొలుసుని మొదట పట్టుకున్నది మావయ్యే.

"తేలిగ్గా ఉంది. రాగేటి?"

"రాగే మావయ్యా."

గోరుతో తడిమేరు. నాలికతో చూసేరు. చాలాసేపు వెతికి, మా ఆయన ఉన్నవైపు తిరిగేరు.

"అతుకు దొరకలేదురా! ఇంక నాకు బెంగ లేదు. నా పని నీకొచ్చేసింది."

మా ఆయన పెరట్లోకి వెళ్లిపోయేడు. వెనకే వెళ్లి అడిగేను, "ఇప్పుడైనా సెప్పవా?"

"రేపు సెప్తానే. ఇయ్యాల కడుపునిండా తిన్నారు, సంతోషంగా ఉన్నారు."

ఆ రేపు నాలుగు రోజులు సాగింది. ఐదో రోజు పొద్దున్న కాఫీ తీసుకెళ్తే మావయ్య లేవలేదు. బొటనవేలి గోట్లో ఎర్రగా రాగి రజను ఇంకా ఉంది.

నాలుగో గడిలో మావయ్య పేరు రాసేను. పక్కనే నిలబడ్డ మా ఆయన గొలుసు అందుకుని, తుడిచిందే మళ్లీ తుడిచేడు. ఆ నాలుగు రోజులూ, చెప్పడానికి ఇంకా బోలెడంత కాలం ఉందనిపించింది మాకు. తోమిన రాగి నల్లబడేపాటి కాలం కూడా కాదది.