బడికి కొండగాలి తెచ్చిన మాస్టారు

మా మాస్టారు పోయారు. సోమవారం పొద్దున్న బ్రిక్‌ఫీల్డ్స్ నుంచి ఆయన మనవరాలు ఫోన్ చేసి, "తాత పోయినారు లా, ఆంటీ," అంది. మా మలేషియావాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే ఆ 'లా'తో సహా ఆ పిల్లకి వచ్చిన తెలుగు అంతే, మిగతాదంతా తమిళంలో చెప్పింది. ఫోన్ పెట్టేసి, ఇపోలోని మా ఇంట్లో ఏసీ కట్టేసి కూర్చున్నాను. ఆ పూట దాని చలవ నాకు సహించలేదు.

చలవంటే ఏమిటో నాకు మొదట చూపించింది ఆయనే. మాది ఇపోకి దగ్గర్లో ఒక రబ్బరు తోట. మలయాని ఇంకా తెల్లవాళ్ళు ఏలుతున్న కాలం, వాళ్ళు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో ఉన్న కమ్యూనిస్టులకి తిండి అందకూడదని సర్కారు, లైన్లని పిలిచే మా కూలీల ఇళ్ళ వరసలన్నిటి చుట్టూ ముళ్ళకంచె వేసింది. బియ్యం మనిషికింత అని కొలిచి ఇచ్చేవారు. గుప్పెడు గింజలు కంచె దాటినా జైలే. ఆ కంచెని ఆనుకుని మా తెలుగు బడి, రేకుల కప్పుతో రెండే గదులు. పదకొండు దాటిందంటే చెమట చుక్కలు పడి పలక మీద అంకెలు చెరిగిపోయేవి. నా పక్కన కూర్చునే పిల్ల రెండుసార్లు సొమ్మసిల్లి పడిపోయింది.

కంచె అవతల కాస్త ఎత్తులో సున్నపురాయి కొండ, దానికో చీలిక. పగటిపూట ఒట్టి చేతులతో గేటు దాటి వెళ్ళనిచ్చేవారు. మిట్టమధ్యాహ్నం ఆ చీలిక ముందు నిలబడితే లోపలి నుంచి చల్లటి గాలి వచ్చి పాదాలని తాకేది. కలలో ఎవరో తెలిసినవాళ్ళు పలకరించినట్టుండేది. "నేల కడుపులోకి ఎండ పోదర్రా. మనమే వెళ్ళి ఆ చలవని పిలుచుకురావాలి," అనేవారు మాస్టారు. చీలిక నుంచి బడి నేల కిందికి మట్టి గొట్టాలు పాతాలి. గోడ పైభాగాన రెండు చెక్కలు ఊడదీస్తే వేడిగాలి అటు పోతుంది, దాని వెనకే చల్లగాలి ఇటు వస్తుంది. ఆయన ఉపాయమంతా అదే.

తోట దొర తవ్వుకోమన్నాడు గానీ డబ్బివ్వనన్నాడు. గుడి కమిటీవాళ్ళు, "గాలికి డబ్బులేటి మాస్టారూ?" అని నవ్వారు. అప్పుడు మా నాయనమ్మ అందుకుంది. "పిడికెడు బియ్యం తీయిద్దాం బాబూ. మా ఊర్లో రామకోవెల అలాగే లేసింది."

ఎసట్లో బియ్యం పోసే ముందు మంచి పని పేరు చెప్పి ఒక పిడికెడు పక్కన పెట్టడం మావాళ్ళు సముద్రం దాటినా మానని అలవాటు. మాస్టారు మాత్రం తటపటాయించారు. "రేషను బియ్యం కదమ్మా. పోలీసులు చూస్తే?"

"పున్నేనికి తీసినదాన్ని ఎవుడేటి సేస్తాడు?" అంది నాయనమ్మ. లైన్లన్నీ ఆ మాటే నమ్మాయి. మా తెలివి అలా ఏడ్చింది.

వారం వారం బిస్కెట్ల డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేసి బడి అలమారలో చేర్చే పని నాది. ఎనిమిదేళ్ళదాన్ని, ఆ గర్వానికి పట్టపగ్గాల్లేవు. నెలాఖరుకి ఆ బియ్యం కంచె లోపలి కొట్టులో ఇచ్చి, వచ్చినదానితో మట్టి గొట్టాలు కొనేవారు. రబ్బరు చెట్ల పాలు తీసే పని ముగించుకుని మగవాళ్ళు పగటిపూటే తవ్వారు. పెద్ద గది పూర్తయిన రోజు మాస్టారు గొట్టం మూతి ముందు ఒక నూలుపోగు వేలాడదీశారు. అది కదిలింది. అంతమంది పిల్లలం ఊపిరి బిగబట్టి దాన్నే చూశాం. ఆ తర్వాత కొన్ని వారాలు మధ్యాహ్నాలు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తులేదు. ఎక్కాలు వల్లిస్తూ ఏదో నీళ్ళ అడుగున కూర్చున్నట్టుండేది, అంతే గుర్తు.

చిన్నపిల్లల గదికి కూడా గొట్టాలు వెయ్యాలని బియ్యం పోగవుతుండగా బడికి పోలీసులొచ్చారు. తమిళ కానిస్టేబులు నన్ను చూసి, "అలమారలో ఏముందమ్మా?" అని ముద్దుగా అడిగాడు. నేను పరుగెత్తి వెళ్ళి తలుపు తీసి చూపించాను. మూడు బస్తాల బియ్యం. పక్కనే కంచె కిందుగా కొండలోకి పోయే గొట్టం. అడవిలోవాళ్ళకి బియ్యం దాటిస్తున్నామనడానికి ఇక వాళ్ళకి వేరే సాక్ష్యం ఎందుకు?

"ఇది ఏ ఏ ఇళ్ళది?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు. ఒక్క పేరు చెప్పినా ఆ ఇంటివాళ్ళని జైల్లో పెడతారు, లేదా ఇండియా ఓడెక్కిస్తారు. అది మాస్టారికి తెలుసు.

"అంతా నాదే," అన్నారు. ఆయన్ని పట్టుకుపోయారు. మర్నాడు గొట్టాన్ని కంచె దగ్గర సిమెంటుతో మూసేశారు. ఆయన్ని ఓడెక్కించేస్తారని ఏడాదిన్నర పాటు ఎవరో ఒకరు అంటూనే ఉన్నారు. అన్న ప్రతిసారీ నాకు అన్నం సహించేది కాదు. నేను చూపించబట్టే కదా!

మెర్దేకాకి, అంటే మా దేశానికి స్వాతంత్ర్యం రావడానికి, కొద్ది రోజుల ముందు ఆయన్ని వదిలిపెట్టారు. సగం మనిషై వచ్చారు. నేను ఎదుటపడలేక గుమ్మం వెనక దాక్కుంటే ఆయనే పిలిచారు. "అడిగితే ఉన్నది చూపించినావు. బడిలో నేర్పింది అదే కదే. ఏడవకు," అన్నారు. ఇన్నేళ్ళకీ ఆ మాట తలుచుకుంటే కళ్ళు నిండుతాయి.

స్వాతంత్ర్యం వచ్చింది గానీ మా కంచె మరో ఏడాదికి గాని పోలేదు. అంతకాలమూ బడిలో ఆయన కుర్చీ వీధి తలుపు వైపే తిప్పుకుని కూర్చునేవారు. బయట జీపు చప్పుడైతే పాఠం ఆగిపోయేది. గొట్టం సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. కంచె పీకేసిన రోజే, ఎవరూ చెప్పకుండా, లైన్లవాళ్ళంతా గునపాలు తెచ్చి ఆ సిమెంటు పగలగొట్టారు.

మర్నాడు మధ్యాహ్నం మాకు లెక్కలిచ్చి, మాస్టారు కుర్చీ మా వైపు తిప్పుకుని కూర్చున్నారు. కాసేపటికి తల పక్కకి వాలింది. నిద్రపోయారు. గంట కొట్టే వేళయింది, ఎవరూ లేవలేదు. లెక్కలు అయిపోయినవాళ్ళు మళ్ళీ మొదటినుంచి చేసుకుంటున్నారు, బలపాలు చప్పుడవకుండా. పిల్లలింకా రాలేదేమని వెతుక్కుంటూ నాయనమ్మ గుమ్మంలోకొచ్చింది. లోపలికి చూసి అక్కడే చతికిలబడింది. బయట ఎండ పేలిపోతోంది. ఆయన తెరిచిన వీధి తలుపుకి వీపు పెట్టి నిద్రపోతున్నారు, పంచె అంచు కొండగాలికి మెల్లగా లేచి పడుతోంది.